పళ్ళకు బలమిచ్చే నీళ్ళు

కనిగిరిలో ఒక వాటర్ ప్లాంటును తెరవకముందే మూయించబోయిన ఘనత నాది. రాయి విసరలేదు, పిటిషను పెట్టలేదు. నాలుగే నాలుగు వాక్యాలు రాశాను.

అప్పట్లో సీసా నీళ్ళకు కొత్త నిబంధనలు వచ్చాయి. లైసెన్సు లేనిదే అమ్మకూడదు. లేబుల్ మీద ఏం రాయాలో, ఏం రాయకూడదో కూడా పైవాళ్ళే చెబుతారు. నా మిత్రుడు మస్తాన్‌వలి గోళీసోడా బండి అమ్మేసి, షెడ్డు వేసి, నీళ్ళు శుద్ధి చేసే మిషను తెచ్చుకున్నాడు. లైసెన్సు రాకపోతే అతనికి మిగిలేది షెడ్డు నీడే. అలాంటి వాడు లేబుల్ పని నాకప్పగించాడు. ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కదా, ఆ నిబంధనల కాగితం నాకు తప్ప ఎవరికీ అర్థం కాదని అతని నమ్మకం. నా నమ్మకమూ అదే.

కాగితం ప్రకారం సీసా నీళ్ళు రెండు జాతులు. ఎక్కడివో నీళ్ళు తెచ్చి శుద్ధి చేస్తే ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్. ఊట దగ్గరే పట్టి, ఉన్న ఖనిజాలు ఉన్నట్టే నింపితే నేచురల్ మినరల్ వాటర్. మొదటిది గుమాస్తా పేరులా ఉంది, రెండోది జమీందారు పేరులా ఉంది.

“ఒరేయ్ మస్తానూ, మనది మినరల్ వాటరేరా.”

“ఏదైతే ఏందిరా, జనం అన్నిట్నీ అదే అంటారు గదా.”

“జనం అనడం వేరు, మనం అచ్చేయడం వేరు. అసలు మీ బోరు నీళ్ళలో ఏముందిరా?”

“ఇంకేముంటది, ఫ్లోరైడు.”

ఆ మాట వినగానే నా కళ్ళు మెరిశాయి. నేను వేటపాలెం నుంచి వచ్చి రెండు నెలలే అయింది. మాది సముద్రం పక్క ఊరు. అక్కడ ఫ్లోరైడు అన్న మాట నేను చూసింది ఒక్క టూత్‌పేస్టు డబ్బా మీదే. కనిగిరి వైపు ఆ నీళ్ళు తాగి పెరిగితే పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగుసుకుపోతాయని, మస్తాన్ మిషను తెచ్చింది అందుకేనని ఆ ఊరి మేకలకు కూడా తెలుసు. నాకు తెలియదు.

ఇంగ్లీషులో రాసేశాను: నేచురల్ మినరల్ వాటర్. ఊట, కనిగిరి కొండ పక్క బోరు. శుద్ధి చేయబడలేదు. ఫ్లోరైడు పుష్కలం, పళ్ళకు బలం.

“ఏం రాశావురా?” అన్నాడు మస్తాన్.

“చదివితే కళ్ళు తిరుగుతాయి.”

ఆ ఒక్కటీ నిజం చెప్పాను.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు గారిని తీసుకురావడానికి మస్తాన్ బస్టాండుకు వెళ్ళాడు. శుద్ధి చేయబడలేదని రాశాక శుద్ధి మిషను కనబడితే బాగుండదు కదా. పక్క కొట్లోంచి ఎండుమిర్చి టిక్కీలు తెప్పించి, ఆ బస్తాలతో మిషను చుట్టూ గోడ కట్టించాను. గుంటూరు యార్డులో కూడా అంత అందంగా బస్తాలు పేర్చరు.

ఇన్‌స్పెక్టరు గారు పెదవులు పూర్తిగా విప్పకుండా మాట్లాడే మనిషి. అధికారి హుందాతనం అనుకున్నాను. లోపల అడుగు పెట్టగానే మిరప ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. మస్తాన్ కూడా తుమ్ముతూనే మిషను కోసం వెతుకుతున్నాడు.

“నీళ్ళు... నీళ్ళివ్వండి,” అన్నారాయన.

అవకాశం నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. లేబుల్ అంటించిన సీసాలో బోరు నీళ్ళు నింపి అందించాను. ఒక గుక్క తాగి ఆగారు. లేబుల్ చదివారు. మళ్ళీ చదివారు.

“ఇవి శుద్ధి చేయరా?”

“చుక్క కూడా చేయమండి. ఊట నుంచి నేరుగా నోట్లోకే.”

“మరి ఈ పళ్ళకు బలం?”

“గ్యారంటీ అండి.”

అప్పుడాయన మొదటిసారి నోరారా నవ్వారు. అన్నీ గారపళ్ళే, కాఫీ రంగు చారలతో.

“మాదీ ఈ పక్క పల్లెటూరేనండి. పదో తరగతి దాకా మీ మినరల్ వాటరే తాగాను. బలం ఇదిగో.”

నేను నీళ్ళు నమిలాను. ఏ జాతి నీళ్ళో చెప్పలేను.

“ఒరేయ్,” అన్నాడు మస్తాన్ చాలా మెల్లగా, “నా మిషనెక్కడరా?”

బస్తాలు నేనే మోశాను. మిషను బయటపడింది, మస్తాన్ స్విచ్చి వేశాడు. ఇన్‌స్పెక్టరు గారు ఆ నీళ్ళు పరీక్ష కోసం సీసాలో పట్టించి, రెండో గ్లాసు తన కోసం పట్టుకున్నారు.

“లైసెన్సుకు ఇబ్బంది లేదు మస్తాన్ గారూ. ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని మాత్రం రాయించండి. రోగాలకు మందని, పళ్ళకు బలమని రాయకూడదు. ఇంకోటి, ఈ మాస్టారి చేత రాయించకండి.”

ఆ రోజే మస్తాన్ నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబెట్టి ప్రమాణం చేయించాడు. ఈ జన్మకే కాదు, రాబోయే ఏడు జన్మలకూ లేబుళ్ళ రచనకు నీళ్ళొదిలేశాను.

ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటరే వదిలాను. అడిగి కనుక్కున్నాను.