గడ్డపారతో పోయి తంగేడు గింజలతో తిరిగొచ్చాను

కర్నూలు పక్కనే ఉన్న మా ఊళ్ళో క్రైస్తవుల సమాధుల తోట ఉంది. పేరుకే తోట. ప్రహరీ లేదు కాబట్టి ఎవరు ఏ పూలు పెట్టినా సాయంత్రానికల్లా మేకలు ఆరగిస్తాయి. అందుకే నా భార్య సుగుణమ్మ పోయేముందు, "నా మీద తంగేడు పెట్టు. మేకలు దాని జోలికి రావు" అని అడిగింది. మేకలు రాలేదు, నిజమే. చెట్టూ బతకలేదు. గుట్ట మీంచి రెండుసార్లు గుబురు పొదలు తవ్వి తెచ్చి నాటాను. రెండూ ఎండిపోయాయి. "ఇంగ చాలు నాయనా, వచ్చే ఏడాది ఈస్టరుకు టైల్సు వేయిద్దాం" అంది మా కూతురు. టైల్సు పడితే మట్టి మూసుకుపోతుంది, సుగుణమ్మ అడిగింది తీరదు. చేతిలో ఉన్నది ఒక్క వానాకాలం. ఆమె పుట్టింటి కంచెలో ఉన్న తంగేడునే తెచ్చేద్దామని ఫిబ్రవరి చివర్లో బయల్దేరాను.

కర్నూలు బస్టాండులో తెల్లవారకముందే కడప బస్సు దొరుకుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దాదాపు ఐదు గంటల ప్రయాణం, టిక్కెట్టు మూడు వందల పైచిలుకు. నా గోనెసంచిలోంచి గడ్డపార మొన బయటికి తొంగి చూస్తోంది.

"ఏమప్పా, దీనికి గూడా టిక్కెట్టు కొట్టల్లా?" అన్నాడు కండక్టరు.

"ఇంకా ఐదేళ్ళు నిండలేదులే" అన్నాను. నవ్వి, దాన్ని సీటు కిందికి తోయమన్నాడు.

మైదుకూరు దాటాక రోడ్డు పక్కన తంగేడు పసుపుపచ్చగా పూసి ఉంది. నీళ్ళు పోసేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. ఎండకు మిగతావన్నీ వాడిపోతుంటే అదొక్కటే ఆకు నిలుపుకుని ఉంది. కడపలో ఇడ్లీ తిని కమలాపురం బస్సెక్కాను. గంటలోపే దిగి, అక్కడి నుంచి షేరాటోలో ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది.

సుగుణమ్మ అక్క మార్తమ్మ పుట్టిన ఊళ్ళోనే మెట్టింది. పుట్టింటి దొడ్డి కూడా ఆమే చూసుకుంటుంది. వాకిట్లో నన్ను, నా సంచిని చూసింది.

"ఏం మరిదీ, బాయి తవ్వేకి వచ్చినావా?"

"తంగేడు తవ్వుకుపోదామని వదినా."

"రెండు సంపింది సాలక మూడోదానికి ఈడికొచ్చినావా?"

ముందు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టింది. తిన్నాక దొడ్డి వెనక కంచె దగ్గరికి తీసుకుపోయింది. చిన్నప్పుడు ఆదివారాలు అక్కాచెల్లెళ్ళు ఆ పొద పూలే కోసి చర్చికి పట్టుకెళ్ళేవారట. నేను గడ్డపార దించాను. ఆమె దాన్ని తీసి కంచెకు ఆనించింది.

"దీని వేరు నిట్టనిలువునా లోపలికి దిగుంటాది. తవ్వితే తెగుతాది. తెగినంక ఇంగ యాడ బతుకుతాది? ఇత్తనమేసి, ఆడనే లెయ్యనియ్యల్ల."

గోధుమరంగుకు ఎండి, ఊపితే గలగలమనే కాయలు కోసింది. ఎలా వేయాలో చెబుతూనే ఒలిచింది. గింజల పైపొర గట్టిది. నీళ్ళు మరగబెట్టి దించి, గింజలు అందులో వేసి తెల్లారేదాకా ఉంచాలి. ఉబ్బినవి విత్తుకోవచ్చు, ఉబ్బనివాటిని గరుకురాయి మీద కాస్త రుద్ది మళ్ళీ నానబెట్టాలి. మంచి వాన పడ్డాక, నీడలేని చోట, నీళ్ళు నిలవని మట్టిలో వేలిగోరంత లోతున రెండు మూడు గింజలు పెట్టాలి. గులకమట్టైనా పర్వాలేదు. పూత అయ్యాక కొసలు తుంచితే గుబురుగా వస్తుంది.

"మునుపు నీళ్ళెట్ల పోస్తాంటివి?" అని అడిగింది.

"రోజూ సాయంత్రం, బిందెడు."

"రోజూనా! వరి నాటినావా, తంగేడు నాటినావా?"

"మీ చెల్లెలికి దాహమేస్తుందేమోనని" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఒలుస్తున్న కాయ ఒళ్ళో పెట్టింది.

"నీళ్ళు పోసేకి పోతాండావా, ఆయమ్మ కాడ కూసునేకి పోతాండావా?"

నేను కిందపడ్డ గింజలు ఏరసాగాను.

"కూసునేకైతే బిందె యాలకి మరిదీ? ఉత్త సేతుల్తో పో. నా చెల్లెలు ఏమీ అనుకోదు."

గింజలు కొంగు నుంచి చింపిన గుడ్డలో మూటగట్టి నా చేతిలో పెట్టింది.

తొలకరి పడ్డాక విత్తాను. వారం పది రోజులకు మూడు మొలిచాయి. మొలకలు నిలదొక్కుకునేదాకా, వాన మొహం చాటేసినప్పుడు మాత్రమే చెంబెడు నీళ్ళు పోశాను. తర్వాత అదీ మానేశాను. ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. మొన్న మా కూతురు వచ్చి వాటి పక్కన చాలాసేపు కూర్చుంది. లేచి, టైల్సాయనకు ఫోను చేసి, "నడిమధ్య మట్టి వదిలేయన్నా" అని చెప్పింది.

ఉత్త చేతులతో పోవడం మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. చేతిలో బిందె ఉంటే పనిమీద వచ్చిన మనిషిలా ఉంటాం, ఎవరూ ఏమీ అడగరు. తీరా చూస్తే బిందె లేకపోయినా ఎవరూ అడగడం లేదు. మేకలు మాత్రం వచ్చి తంగేడును వాసన చూసి, నన్నొకసారి చూసి పోతున్నాయి. చీకటిపడేదాకా కూర్చుని వస్తాను.

మీరూ ఈ దారిన తంగేడు కోసం పోతే, కాయ ఎండి గలగలమనే రోజుల్లో పోండి. గడ్డపార ఇంట్లోనే పెట్టండి. జేబులో ఒక గుడ్డముక్క చాలు.