మస్తాన్ టాక్సీ ఎందుకు తూలింది

అది 1974, మామిడికాయల రోజులు. తిరువూరు బస్టాండు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. ఎన్ని కార్లు, జీపులు విప్పి బిగించానో లెక్కలేదు గానీ, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరించేది మాత్రం సుబ్బారావుగారి పాత టాక్సీ సంగతే.

దాని డ్రైవరు మస్తాన్ బీడీ కూడా ముట్టని మనిషి. అలాంటివాడు విస్సన్నపేటలో కిరాయి దించి ఒక్కడే తిరిగొస్తూ, బండిని రోడ్డు పక్క కాలవలోకి దింపాడు. దేవుడి దయవల్ల దెబ్బలేం తగల్లేదు. లాగించి నా దగ్గరికి తెచ్చారు.

స్టీరింగు ప్లే చూశాను. అంటే చక్రాలు కదలకుండా స్టీరింగు ఒక్కటే చేతిలో ఎంత ఆడుతోందో చూడటం. ముందు చక్రాల్ని తిప్పే కింగ్ పిన్నులు, టై రాడ్లు అన్నీ కుదిపి చూశాను. పాత బండే గానీ, కాలవలో పడేంత తప్పు కనిపించలేదు. ఇక ట్రయల్. మా ఊళ్లో ఓ అలవాటుండేది. షెడ్డులోంచి బండి ట్రయల్‌కి కదిలితే చాలు, స్టాండులో ఖాళీగా ఉన్నవాళ్లంతా తోసుకుని ఎక్కేసేవాళ్లు, ఊరి బయట టీ తాగి రావచ్చని! ఆ రోజూ కారు కిక్కిరిసింది. దారం పట్టినట్టు తిన్నగా పోయింది. సరేనని పంపించేశాను.

వారం తిరక్కుండా మళ్లీ ఖాళీ బండితో వస్తూ అదే రోడ్డు, అదే కాలవ. ఈసారి సుబ్బారావుగారు స్టాండులో డ్రైవర్లందరి ముందూ, తాగి నడిపాడని అనేసి తాళం లాక్కున్నారు.

మస్తాన్ వచ్చి షెడ్డులో కూలబడ్డాడు. "తిట్టినా పడేవాణ్ని మేస్త్రీ. తాగుబోతన్నారు. రేపు మసీదుకి ఏ మొహం పెట్టుకుని పోను? బండిలోనే ఏదో ఉంది, నువ్వే చూడాలి."

సుబ్బారావుగారిని బతిమాలి తాళం తెచ్చాను. ఈసారి పిలిచినా ఒక్కడూ ఎక్కలేదు. పిల్లలు గలవాళ్లమంటూ నవ్వి తప్పుకున్నారు. ఒక్కణ్నే బయల్దేరాను.

ఊరు దాటి వేగం పెంచానో లేదో, కారు ఎడమకి జారింది! కుడికి తిప్పితే ఇక కుడికే లాగేస్తోంది. చెయ్యి వదిలితే తనంతట తాను తిన్నగా అవ్వాల్సిన స్టీరింగు, ఎక్కడిదక్కడే మొండికేసింది. ఎదురుగా ఎడ్లబండి. ఎలా ఆపానో నాకే తెలియదు, దుమ్ములో అడ్డంగా ఆగింది. ఆగాక పకపకా నవ్వాను, దొంగ దొరికినందుకు. బండివాడు నాకు పిచ్చెక్కిందనుకుని ఎడ్లని అదిలించుకు పోయాడు.

దిగి దూరంగా నిలబడి చూద్దును కదా, కారు వెనక భాగం పుంజు తోకలా పైకి లేచి ఉంది. కిందికి దూరితే, వెనక బరువు మోసే కమాను కట్టల్లో కొత్త ఇనప పట్టీలు! మామిడి గంపలు ఎక్కువ పట్టాలని సుబ్బారావుగారే దగ్గరుండి వేరే చోట వేయించుకున్నారట. సైకిలు ముందు ఫోర్కు కాస్త వాలుగా ఉంటుంది చూడండి, అందుకే చక్రం తిన్నగా నిలబడుతుంది. కార్లో ఆ వాలునే క్యాస్టర్ అంటాం. వెనక ఎత్తయితే ఆ వాలు పోతుంది. జనం ఎక్కితే వెనక కుంగి కారు బుద్ధిగా పోతుంది, ఖాళీ అయితే తూలుతుంది. మా ట్రయళ్లన్నీ నిండు కారుతోనే అయ్యె, ఇంకెక్కడ దొరుకుతుంది!

కారు మెల్లగా ఊళ్లోకి తెచ్చి సుబ్బారావుగారిని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డెక్కాను. కారు ఊగగానే ఆయన రెండు చేతులా తలుపు పట్టుకుని నెమలి ఊరి వేణుగోపాలస్వామిని తలుచుకోవడం మొదలుపెట్టారు. ఆపి అడిగాను, "నేను తాగానంటారా అండీ?" ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

సాయంత్రానికి పట్టీలు తీసేశాను. ఖాళీ కారు చెప్పినట్టు విని పోయింది. సుబ్బారావుగారు షెడ్డుకొచ్చి మస్తాన్‌కి తాళం ఇవ్వబోయారు. మస్తాన్ చెయ్యి చాపలేదు.

"తాగానని స్టాండులో అన్నారండి. తాగలేదని కూడా అక్కడే అనండి. తాళం అక్కడే తీసుకుంటాను."

ఉన్న పనీ పోతుందేమోనని నాకు భయం. సుబ్బారావుగారు కండువా సర్దుకుని స్టాండువైపు తానే ముందు నడిచారు. అందరికీ వినపడేలా చెప్పారు. మస్తాన్ అప్పుడు చాపాడు చెయ్యి.

అప్పట్నుంచీ నా షెడ్డులో ఏ బండికైనా ట్రయల్ ఓసారి నిండుగా, ఓసారి ఖాళీగా. ఇంకోటి కూడా ఆ రోజే తెలిసింది. బండి తప్పు షెడ్డులో సరిచేయొచ్చు. మనిషి మీద వేసిన మచ్చని మాత్రం, వేసిన చోటికే వెళ్లి తుడవాలి.