ఆంటీ కొట్లో నా కార్డు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉండి ఎమ్మెస్ చదువుతున్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఒక్క ఏడాది ముందు విమానం దిగాను కాబట్టి సీనియర్నయిపోయాను మరి. ఏ బస్సెక్కాలి, ఏ బియ్యం కొనాలి, అన్నీ కొత్తగా వచ్చిన పిల్లలు నన్నే అడిగేవారు. క్రెడిట్ కార్డు సంగతీ అడిగారు. అప్పు తీసుకుని తీర్చిన క్రెడిట్ హిస్టరీ లేదని పెద్ద బ్యాంకులన్నీ నన్ను పొమ్మంటే, ఓ చిన్న కంపెనీ అప్పుడే పిలిచి కార్డు ఇచ్చింది. ఆ కృతజ్ఞతతో మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరిచేతా అదే తీయించాను (చేర్పించినందుకు నాకు రిఫరల్ బోనస్ కూడా వచ్చింది, దాచడమెందుకు). దాంతో నా పేరు కార్డక్క అయింది.

ఆ శనివారం అందరినీ వెంటేసుకుని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. బండినిండా బియ్యం, గోంగూర, పచ్చళ్ళు. కౌంటర్లో ఉండే గుంటూరు ఆంటీ నా కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేసింది. "ఈ కార్డు ఎవరూ తేరమ్మా. మా మెషిన్‌లో ఇది తీసుకునే ఏర్పాటు మేమెందుకు పెట్టించాలి?" అంది. మీరు తీసుకోరు కాబట్టే ఎవరూ తేవడం లేదన్నాను. ఇద్దరి మాటా నిజమే. కానీ నా వెనకాల జూనియర్లు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. నా మాట నమ్మి కార్డు తీసుకున్న పిల్లలు! తల కొట్టేసినట్టయింది. ఆ పూటకి నోట్లిచ్చి బయటపడ్డాం.

ఊరుకుంటానా? ఇక గుంపుగా వెళ్ళొద్దు, విడివిడిగా వెళ్ళి ముందు మన కార్డే చాపండి, వద్దంటే గొడవ పడకుండా సరుకులు ఎక్కడివక్కడ సర్దేసి వచ్చేయండి అని పిల్లలకి చెప్పాను. చలికాలం వచ్చేదాకా ఇదే పని. పాపం, ఆ కరివేపాకు బుట్టలోకి ఎక్కడం, దిగడం. ఆ కంపెనీవాళ్ళు ప్రతి అమ్మకం మీదా కమిషన్ ఎక్కువ లాగుతారని ఆంటీ వాళ్ళాయన, అంకుల్, మొత్తుకున్నాడు. చివరికి ఆంటీయే, ఇంతమంది అడుగుతుంటే బేరాలు పోగొట్టుకుంటామా, పెట్టించెయ్యండి అందట.

కొట్టు తలుపు మీద మా కార్డు స్టిక్కర్ చూసి అపార్ట్‌మెంట్‌కి పరుగెత్తి, పదండి కొట్టుకి అన్నాను. ఒక్కరూ లేవలేదు. ఓ జూనియర్ అసలు సంగతి చెప్పింది.

"అక్కా, మేమంతా వేరే కార్డు తీసేసుకున్నాం. అది అన్నిచోట్లా పనిచేస్తుంది కదా, ఒకళ్ళని చూసి ఒకళ్ళం అప్లై చేశాం. నువ్వు బాధపడతావని ఆంటీ దగ్గర మాత్రం నీ కార్డే చూపిస్తున్నాం."

కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఒక్కదాన్నే కొట్టుకెళ్ళాను. ఆంటీ నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది.

"పిల్లలేరమ్మా?"

"పరీక్షలాంటీ. ముందు నాది గీకండి."

మెషిన్ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆంటీ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక, పక్క కొట్లో టమాటాలు ఎంత చవకైనా, చదువయ్యేదాకా ఆ గుమ్మమే ఎక్కాను, ఆ కార్డే ఇచ్చాను.

ఇప్పుడు నేనుంటున్న ఫ్రీమాంట్‌లో మెషిన్‌కి ఫోన్ ఆనిస్తే పనైపోతుంది, లోపల ఏ కార్డుందో కూడా చూడను. కార్డక్క అన్న పిలుపు విని ఏళ్ళయింది. ఒక్క స్టిక్కర్ కోసం కొట్టునంతా ఎదిరించిన ఆ పిల్ల, అప్పటి నేను, ఇవాళ కనబడితే బుద్ధులేమీ చెప్పను. నేనూ ఓ బుట్ట తీసుకుని ఆమె వెనక లైన్లో నిలబడతాను.