"సారూ, నువ్వు ఇటు రా"

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను రాజమండ్రికి దగ్గర్లోని ఒక మండలానికి ఎంఈఓగా వేశారు. మండలంలోని సర్కారు బడుల బాగోగులు చూసే విద్యాధికారి పదవి అది. ఆ జూలైలో ఒక హైస్కూలు సిబ్బందికి సహిత విద్య, పిల్లల రక్షణ మీద రెండు రోజుల శిక్షణ నేనే నడిపాను. ఏ బిడ్డా బడిలో పరాయిగా మిగలకూడదని నేర్పడం దాని ఉద్దేశం. తాను పరాయినని అనుకున్న బిడ్డ తన కష్టం ఎవరికీ చెప్పుకోదు.

శిక్షణలో మొదటి పని, బడి మానేస్తున్న పిల్లల గురించి మాట్లాడుకోవడం. పోలవరం ముంపులో పోయిన కొండ ఊళ్ల వాళ్లకు ఆ బడి పక్కనే పునరావాస కాలనీ కట్టారు. అక్కడి ఆరో తరగతి అమ్మాయి, లచ్చమ్మ అనుకుందాం, వారంగా రావడం లేదన్నారు.

సోషల్ చెప్పే మూర్తిగారు అందుకున్నారు. "ఆ పిల్లకి మర్యాద తెలీదండి. నిండు స్టాఫ్‌రూములోకొచ్చి 'సారూ, నువ్వు ఇటు రా' అందండి! మా ఆవిడ కూడా నన్నంత ధైర్యంగా పిలవదు. బయటికి పొమ్మన్నాను."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"ఎందుకు రమ్మందండీ?" అన్నాను.

"అంతదాకా చెప్పనిచ్చానేంటండి?" అన్నారాయన.

ఆ కొండ ఊళ్లలో తండ్రినీ, ఊరి పెద్దనీ కూడా నువ్వనే అంటారు. మన డెల్టాలో కూరగాయల బండి దగ్గర బేరం కూడా 'అండి' లేకుండా సాగదు. ఇదంతా ఉపన్యాసంగా చెప్పే బదులు, పొద్దున్న పూజలో స్వామిని 'తమరు కాపాడండి' అన్నారా అని మూర్తిగారినే అడిగాను.

"అలాగంటే స్వామి కంగారుపడిపోడూ! నువ్వే కాపాడాలి అన్నానండి."

నేను సండేస్కూల్లో పెరిగి, సంఘంలో ప్రార్థన చేస్తూ తల నెరిసినదాన్ని. పరలోకపు తండ్రిని ఒక్కనాడూ 'మీరు' అనలేదు. ఆయన నన్ను బయటికి పొమ్మననూ లేదు. ఆ మాటే వాళ్లకు చెప్పాను.

"పదండి మేడమ్, అడిగొద్దాం," అన్నారు మూర్తిగారు.

సాయంత్రం కాలనీకి వెళ్లేసరికి లచ్చమ్మ తల్లి వెనక దాక్కుంది. మూర్తిగారు అరుగు మీద కూర్చుని, "ఆవేళ నన్ను ఎటు రమ్మన్నావమ్మా?" అన్నారు.

"బాత్రూం కాడికి. తలుపుకి గడి లేదు. పెద్ద మగపిల్లలు తోసేత్తన్నారు. నువ్వు గట్టిగా అరుత్తావు గదా, బెదురుతారని పిలిచినా."

"ఆ అరుపేదో నీ మీదే అరిచేశానమ్మా."

మర్నాడు బడి గంట కొట్టకముందే మూర్తిగారు స్వయంగా కొత్త గడియ బిగించారు. హెడ్‌మాస్టారు ఆ కుర్రాళ్లనూ వాళ్ల తల్లిదండ్రులనూ పిలిచి మాట్లాడారు. అమ్మాయి పేరు ఎత్తలేదు. చెప్పిన బిడ్డ పేరు బయట పెట్టకపోవడం ఈ పనిలో తప్పనిసరి. లచ్చమ్మ బడికి వచ్చింది. గడియ వేసి తీసి చూసి, "సారూ, నువ్వు వంకరగా బిగించినావు," అంది. మూర్తిగారు మళ్లీ స్క్రూలు విప్పారు.

ఆ తర్వాత నేను నడిపిన ప్రతి శిక్షణలోనూ ముందుగా ఒక నియమం చెప్పేదాన్ని. బిడ్డ చెప్పేది పూర్తయ్యేదాకా మాట తీరు దిద్దకూడదు. మర్యాద తర్వాత నేర్పవచ్చు. దానికి ముందు పిల్ల బడిలో ఉండాలి.