పేరెత్తని షరతు

ఎనభైల మొదట్లో ఇల్లినాయ్‌లో ఒక చిన్న కాలేజీలో పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ చరిత్ర చెప్పేదాన్ని. నాది గుంటూరు యాస కలిసిన ఇంగ్లీషు. అది అర్థం కావడం లేదని మొదటి నెలలోనే కొందరు విద్యార్థులు పైవాళ్లకు చెప్పారు.

ఆ సాయంత్రం మా ఆయన అంతా విని, "అంత స్ట్రెస్ నీకెందుకు? ఈ టర్మ్ ఫినిష్ చేసి మానెయ్. కంప్యూటర్ కోర్సులో జాయిన్ అయితే జాబ్ ఈజీగా వస్తుంది," అన్నారు.

"ఇంగ్లండు, రష్యా సంధి పాఠం దాకా చెప్పనివ్వండి. తర్వాత చూద్దాం," అన్నాను.

నా పరిశోధన ఆ సంధి మీదే. ఇంగ్లండు ఓడలకు రష్యా కలప, నార, ఇనుము కావాలి. రష్యాకు వాటిని కొనేవాళ్లు కావాలి. అయినా బేరం ఒక షరతు దగ్గర చిక్కుకుంది. ఇంగ్లండు తన ఓడలకు మేలు చేసే చట్టం ఒకటి పెట్టుకుంది. దానికి బదులుగా తామూ తమ ఓడలకు మేలు చేసుకుంటామని రష్యా మహారాణి మంత్రి సంధిలో రాయించాడు. వయసులో చిన్నవాడైన ఇంగ్లండు రాయబారి సంతకం పెట్టేశాడు. లండన్ మాత్రం ఒప్పుకోలేదు.

ఆ రోజు నేను పాఠం చెప్పలేదు. క్లాసును రెండు దర్బారులుగా విడదీశాను. వియత్నాంలో పోరాడి వచ్చి, ముప్పై దాటాక కాలేజీలో చేరిన ఒకాయన్ని రష్యా మంత్రిని చేశాను. రష్యన్లతో మాటలు దండగని ఒకసారి క్లాసులోనే అన్న మనిషి ఆయన. రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నుంచి కుటుంబంతో వలస వచ్చిన ఒకావిడను ఇంగ్లండు రాయబారిని చేశాను. క్లాసులో ఆవిడ గొంతు అప్పటిదాకా ఎవరూ వినలేదు.

"నన్ను రష్యా వైపు వేశారు. పొరపాటేమో," అన్నాడాయన.

"పొరపాటు కాదు," అన్నాను.

ఆవిడ తడబడుతూ మొదలుపెట్టింది. "మా చట్టం పేరు ఇందులో ఉంటే పార్లమెంటులో మా రాజుగారికి తలవంపులు. అది తీసెయ్యండి."

"తీసేస్తే రేపు మా ఓడలకు మేం మేలు చేసుకుంటే మీరు అడ్డుపడరని నమ్మకమేమిటి?"

జవాబు నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. బలవంతాన ఆపుకున్నాను.

ఆవిడ లేచి బోర్డు మీద ఏదో రాసి, చెరిపి, మళ్లీ రాసింది: తన ఓడలకు మేలు చేసుకునే హక్కు రష్యాకు ఉంటుంది.

"మీ హక్కు ఉంది. మా చట్టం పేరు లేదు," అంది.

ఆయన బోర్డు మీది వాక్యాన్ని పైకి చదివాడు. "మహారాణికి ఇందులో పోయేదేమీ లేదు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

అందరూ నవ్వారు. చరిత్రలోనూ ఆ రెండు దర్బారులు చివరికి దాదాపు అలాగే రాజీపడ్డాయని చెబితే ఎవరూ వెంటనే నమ్మలేదు.

"అప్పట్నుంచి రెండు దేశాలవాళ్లూ స్నేహితులైపోయారా?" అడిగింది ముందు వరసలోని అమ్మాయి. నా ఇంగ్లీషు గురించి పైవాళ్లకు చెప్పినవాళ్లలో తనొకతె.

"లేదు. యుద్ధం వస్తే తోడుంటామన్న ఒప్పందం కుదరనే లేదు. కానీ సరుకు ఓడలు తిరిగాయి."

తను అదంతా రాసుకుంది. మళ్లీ చెప్పమని అడగలేదు.

క్లాసయ్యాక మంత్రీ రాయబారీ వాదించుకుంటూనే మంచులో పార్కింగ్ వైపు నడిచారు. ఇంటికెళ్లి ఇదంతా చెబితే మా ఆయన, "అయితే నెక్స్ట్ టర్మ్ కూడా నువ్వే డ్రైవ్ చేసుకుని వెళ్లాలి. ఆ టైమ్‌కి నాకు ఆఫీస్‌లో మీటింగులు," అన్నారు. కంప్యూటర్ కోర్సు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

వసంతంలో ఆ మాజీ సైనికుడు రష్యన్ భాష మొదటి తరగతిలో చేరాడు. మధ్యాహ్నాలు క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తున్నది ఆ లెనిన్‌గ్రాడ్ ఆవిడేనట.