పైడమ్మక్క చూపించిన రాక్షసులు

మొన్న మా బడిలో పిల్లలకు టీకాలు వేశారు. నర్సమ్మ దూదిని స్పిరిట్‌లో ముంచి ఓ పిల్లవాడి భుజానికి రాసిందో లేదో, ఆ చల్లటి ఘాటు నా ముక్కుకు తగిలింది. పిల్లలందరూ సూదిని చూసి గోల పెడుతుంటే, సైన్సు టీచరమ్మనైన నేను గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నాను. నా మట్టుకు అది ఆసుపత్రి వాసన కాదు. విజయనగరంలో ఓ మేడమీద గదిలో, భోజనాలయ్యాక, వీసీఆర్ హెడ్డును స్పిరిట్ గుడ్డతో తుడిచేటప్పుడు వచ్చే వాసన. ఆ గది పైడమ్మక్కది.

పైడమ్మక్క నాకు చుట్టం కాదు, యజమాని. భర్త పోయాక ఆయన నడిపిన కేబుల్ టీవీని తానే చేతిలోకి తీసుకుంది. నేను డిగ్రీ తప్పి ఇంట్లో తిట్లు తింటున్న రోజుల్లో పిలిచి పనిలో పెట్టుకుంది. మా ఛానెల్లో పొద్దున భక్తి పాటలు, సాయంత్రం సినిమా పాటలు, అందరిలాగే. మధ్యాహ్నం రెండింటికి మాత్రం అక్క తన ముచ్చట తీర్చుకునేది. ఎక్కడెక్కడి పాత రాక్షసి సినిమాలు, ఎగిరే పళ్లాల్లో దిగే వేరే గ్రహాలవాళ్ల కథలు, అట్టమేడల్ని తొక్కేసే బల్లులు. నలుపు తెలుపు బొమ్మ, ఏ దేశానివో తెలియని మాటలు. అక్కకు ఇంగ్లీషు రాదు. నా ఇంగ్లీషు సంగతి నా మార్కుల కాగితమే ఊరంతా చాటింది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. క్యాసెట్‌ను ముందుగా చూడకూడదు. చేరిన కొత్తలో నేను, "ఒకసారి తిప్పి చూద్దాం అక్కా, మధ్యలో ఏదైనా తేడా ఉంటే పరువు పోతుంది" అన్నాను.

"ముందే తెలిసిపోతే ఇంకేటి సూస్తావే గుంటా? ఊరికి ఎప్పుడు తెలుస్తాదో మనకీ అప్పుడే తెలియాల" అంది.

సినిమా మొదలవగానే మైకు దగ్గరికి లాక్కునేది. వ్యాఖ్యానం అంటే ఎవరైనా ఏం జరుగుతోందో చెబుతారు. ఈవిడ అడిగేది! "ఇదేటి, ఈడెందుకలా సూస్తన్నాడు? ఇంత పెద్ద జంతువు ఏటి తిని బతుకుతాది? ఎవరికైనా తెలిస్తే ఫోన్ సెయ్యండి." చేసేవారు మరి! గిన్నెలు తోముకుంటూ, బియ్యం ఏరుకుంటూ ఫోన్ చేసేవారు. ఒకరోజు ఎవరో ముసలమ్మ, "పైడమ్మా, ఆ పళ్లేనికి దారం కట్టీసినారు, కనబడతన్నాదే!" అని అరిచింది. అక్క స్థానంలో ఇంకొకరైతే సిగ్గుపడేవారు. అక్క క్యాసెట్ వెనక్కి తిప్పి, టీవీ తెరకు ముక్కు ఆనించి, "అవునర్రా, దారమే! దారమని తెలిసినా నాకు బయమేసింది, అదెలాగో సెప్పండి" అంది. ఆ పూట సినిమా సగమే నడిచింది. మిగతా అంతా ఆ చర్చే.

పక్క వీధిలో ఉండే రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్‌గారు ఒకసారి పాపం మంచి మనసుతో, సంభాషణలన్నీ తెలుగులో చెబుతానని ఫోన్ చేశారు. "వద్దు బాబూ, మీకు దండం పెడతాను. మేం కనుక్కుంటన్నాం కదా, ఉండండి" అంది. ఆయన కూడా తరవాత తరవాత కనుక్కోవడానికే ఫోన్ చేసేవారు.

ఒక వానాకాలం మధ్యాహ్నం వచ్చింది అసలు సినిమా. నదిలోంచి కప్పలాంటి ఓ కొండంత ప్రాణి లేస్తుంది. దాని గుండెలకు ఒక గుడ్డు హత్తుకుని ఉంటుంది. సైన్యం వెంటపడుతుంది. ఎంత కొట్టినా అది చేతులు విప్పదు, తిరిగి కొట్టదు. "ఆ గుడ్డు దానిదేనేటి? ఎక్కడికి పట్టుకెల్తన్నాది?" అని అక్క మైకులో అడిగింది. చివరికి ఒక వంతెన మీద ఫిరంగులన్నీ చుట్టుముట్టాయి. ప్రాణి మోకాళ్ల మీద కూలబడి గుడ్డును మెల్లగా కిందికి దించబోతోంది...

తెర మీద సన్నాయి మోగింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు తలంబ్రాలు పోసుకుంటున్నారు!

ఎవడో మహానుభావుడు అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్ మీద ఇంటి పెళ్లి రికార్డు చేసుకుని, అలాగే షాపుకు తిరిగి ఇచ్చేశాడు. మొదట్లో తెర మీద పడిన పేరు మాకు రాని లిపిలో ఉంది, క్యాసెట్ మీద అంటించిన కాగితం గీకి చూస్తే అక్కడా పేరు మిగల్లేదు. నేను తల పట్టుకున్నాను. మొదటి ఫోన్ పెళ్లివారిదే: "అమ్మా, మా రాజేశ్వరి పెళ్లి టీవీలో వస్తన్నాది! రేపు మళ్లీ ఎయ్యండి!" తరవాత ఫోన్ ఊపిరి తీసుకోనివ్వలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ గుడ్డు ఏమైంది?

అక్క మైకు తీసుకుంది. "నాకూ తెలీదర్రా. ఒట్టు. మీకేటి అనిపిస్తన్నాదో సెప్పండి" అంది. వారం పాటు అదే మా కార్యక్రమం. ఒకావిడ తన కథలో గుడ్డును నదిలో వదిలింది. ఒక రిక్షా ఆయన దాంట్లోంచి మనిషిపిల్లను పుట్టించాడు. లెక్చరర్‌గారు సైన్యం చేత క్షమాపణ చెప్పించారు. అక్క అందరికీ ఊఁ కొట్టి, "బావుంది, గానీ నిజంగా ఏటయ్యిందో మరి" అనేది.

ఆ ‘మరి’ ఆమెను వదల్లేదు. శ్రీకాకుళం క్యాసెట్ షాపులన్నీ గాలించింది. సాలూరు నుంచి రాయపూర్ వెళ్లే లారీ డ్రైవరుకు అట్టముక్క మీద ఆ ప్రాణి బొమ్మ గీసి ఇచ్చి, అక్కడ వెతకమంది. ఆయన నమ్మకంగా వెతికి మొసలి సినిమా పట్టుకొచ్చాడు. దాన్నీ వేశాం.

నన్ను మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టింది కూడా ఆవిడే. తెలియని ప్రశ్న వస్తే భయమేస్తుందక్కా అంటే కసిరింది. "తెలీనిది కనబడితే ఇక్కడ కుర్చీ ముందుకు లాక్కుని కూకుంటావు. అక్కడ బయమేటే నీకు?" ఆ మాటతో రాశాను. పాసయ్యాను. తరవాత ఇంటింటికీ డిష్‌లు వచ్చాయి, మా ఛానెల్ మూతపడింది, నేను నెల్లిమర్ల దగ్గర బడిలో చేరాను. ఎప్పుడు కలిసినా ఆమె మొదటి మాట, "దొరికిందేటే?"

దొరికింది. పోయిన ఏడాది, ఆమె ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఇంటర్నెట్లో పాత సినిమాలు పెట్టే చోట వంతెన, గుడ్డు, కప్ప అని ఏవేవో కొడుతుంటే ఫోన్‌లో ఆ ప్రాణి ముఖం ప్రత్యక్షమైంది. చివరికి జరిపి చూడాలని వేలు దురద పెట్టింది. చూడలేదు. బస్సెక్కాను.

మంచం మీద అక్క చాలా చిక్కిపోయింది. ఫోన్ చూపించగానే కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వు సూసీసావేటి?"

"లేదక్కా."

"అయితే పెట్టు."

ఒకే దిండుకు తలలు ఆనించి చూశాం. వంతెన వచ్చింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ప్రాణి గుడ్డును దించింది. ఫిరంగులు పేలాయి. అది నదిలోకి ఒరిగిపోయింది. సైనికులు గుడ్డు దగ్గరికి నడిచారు. పెంకు మీద సన్నగా ఒక పగులు. అంతే. సమాప్తం!

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఎదురుచూసింది దీనికోసమా! ఆమె ముఖం చూడలేక తల తిప్పుకున్నాను. అక్క నవ్వుతోంది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఓలమ్మో! సూసావేటే, తీసినోళ్లకీ తెలీదు!"

నీళ్లు తాగించాను. కళ్లు మూసుకుని, "సెప్పు. ఏటొచ్చుంటాది అందులోంచి?" అంది.

నోటికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. పగులులోంచి ముందు ఒక చెయ్యి వచ్చిందన్నాను. ఊఁ అంది. ఆ చెయ్యి వాన చినుకును పట్టుకుందన్నాను. ఊఁ అంది. కాసేపటికి ఊఁలు దూరమయ్యాయి, నిద్రపోయింది. రేపు వచ్చి మిగతాది చెబుతానని మెల్లగా లేచాను. తెల్లవారేసరికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

బాగా ఏడ్చాను. ఇప్పటికీ ఏడుస్తాను, దాచుకోవడం ఎందుకు? క్లాసులో ఏ పిల్లయినా నాకు తెలియని ప్రశ్న అడిగితే, "తెలీదే!" అంటూ కుర్చీ ముందుకు లాక్కుంటాను. పిల్లలు కూడా బెంచీలు ముందుకు జరుపుతారు. ఆ గుడ్డు కథ మాత్రం ఇంతవరకు వాళ్లకు చెప్పలేదు. సగంలో ఉంది. ఊఁ కొట్టాల్సిన మనిషి లేదు.