సొన్నమ్మ అడిగిన నీళ్లు

సొన్నమ్మది మడకశిర పక్క పల్లె. మగడు పోయాక కూతురిని వెంటబెట్టుకుని బెంగళూరు చేరింది. యలహంక అవతల లేస్తున్న అపార్ట్‌మెంట్లలో టైల్స్ పనివాళ్లకు సిమెంటు కలిపి అందించడం ఆమె పని. సైటు వెనకాల రేకుల షెడ్డులో కాపురం. కూతురు అనిత దగ్గరి పల్లెలోని సర్కారు బడిలో ఏడో తరగతి చదువుతోంది.

ఒకరోజు అనిత బడి నుంచి వస్తూనే పొత్తికడుపు పట్టుకుని పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని చెప్పి, "బళ్లో నీళ్లు తాగుతావా?" అని అడిగింది.

అనిత తల వంచుకుంది. "తాగను. తాగితే పోవాల్సొస్తుంది. పోయేదానికి చోటు లేదు."

రోజూ సొన్నమ్మ నింపి పంపే సీసా సాయంత్రానికి ఖాళీగా తిరిగొచ్చేది. ఆ నీళ్లను పిల్ల దారిలో చెట్లకు పోసేస్తోందని అప్పుడే తెలిసింది.

మరునాడు పని మానుకుని బడికి వెళ్లింది. హెడ్‌మిస్ మమత కోపగించుకోలేదు, సాకులు చెప్పలేదు. వెంటబెట్టుకుపోయి చూపించింది. మరుగుదొడ్లు ఉన్నాయి. రంగులు వేసిన గోడలు, గట్టి తలుపులు, వాటికి తాళాలు.

"మా బోరు ఎండిపోయిందమ్మా. ట్యాంకరు నీళ్లు వంటకే చాలవు. నీళ్లు లేకుండా తెరిచిపెడితే రోగాలని తాళం వేసినాం. పంచాయతీకి చెప్పి చెప్పి అలిసిపోయినా." ఆమె గొంతు తగ్గించింది. "నేనూ పొద్దున కాఫీ తాగకుండానే వస్తా."

గోడ అవతల గులాబీ తోట పచ్చగా ఉంది. అది పిల్లప్ప అనే రైతుది. పిల్లలు పూలు తెంపుతారని ఆయనకు బడి మీద కోపం. మమత ఒకసారి నీళ్లడిగితే కసిరి పంపాడట.

సొన్నమ్మ అటునుంచి అటే పిల్లప్ప ఇంటికి నడిచింది. వసారాలో పూలు మూట కడుతున్న ఆయన తలెత్తి చూశాడు.

"అన్నా, బడి పిల్లోళ్లకు రోంత నీళ్లియ్యి. నీళ్లు ల్యాక బాత్రూములకు తాళం ఏసినారు. నా బిడ్డ ఆపుకోని ఆపుకోని జరంతో పడుండాది."

"కరెంటు ఉండేదే రోంతసేపు. నా తోటకే చాలడంల్యా. ఒకసారి పైపు ఏసినానంటే ఇంక అది నా మెడకే. పో తల్లీ."

సొన్నమ్మ కదల్లేదు. అప్పుడు వంటింట్లోంచి పిల్లప్ప భార్య ఎల్లమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"నేను ఐదో క్లాసుకే బడి ఎందుకు మానేసినానో ఎప్పుడన్నా అడిగినావా?" అంది మొగుడితో.

"మీ నాయన మాన్పించినాడంటివి గదా."

"నాయన కాదు, నేనే మానుకున్యా. ఒంటికని చేన్లోకి పోతే మగపిల్లోళ్లు చూసి నవ్వినారు. మళ్లా ఆ బడి గడప తొక్కలా. ఇన్నేండ్లకు ఈయమ్మను చూస్తే చెప్పబుద్ధయింది."

పిల్లప్ప చేతిలో దారం కింద పెట్టాడు. "పైపు ఎవురు తెస్తారు?" అన్నాడు.

పైపు తెచ్చింది సొన్నమ్మ పనిచేసే సైటు మేస్త్రి ఆవులప్ప. సొన్నమ్మ జరిగింది చెప్పగానే సైటు ఓనరును అడిగి మిగిలిన పైపులు వేసుకుని, ఆదివారం నాడు తనవాళ్లతో వచ్చాడు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. గోడ కింద కాలువ తవ్వడానికి గడ్డపార పట్టింది మాత్రం పిల్లప్పే. తన తోటలో వేరేవాళ్లు తవ్వితే గులాబీల వేళ్లు తెగుతాయని గొణుగుతూనే తవ్వాడు. బడి పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించగానే మమత తాళంచెవి తెచ్చి ఎల్లమ్మ చేతిలో పెట్టింది.

ఎల్లమ్మ తాళం తీసి లోపలికి వెళ్లింది. గడియ వేసుకుంది. కొళాయి తిప్పిన చప్పుడైంది. బయటికొచ్చేటప్పటికి ఆమె చేతులే కాదు, మొహమూ తడిగా ఉంది. సొన్నమ్మ వంగి కాళ్లకు దండం పెట్టబోతే భుజాలు పట్టి లేపింది.

"నువ్వు అడగబట్టే గదా నా నోరు లేచింది. నాకెందుకు మొక్కుతావు?"

అనిత కోలుకుని బడికెళ్లిన రోజున, మధ్యాహ్నం సీసా ఖాళీ చేసి మళ్లీ నింపుకుందని మమతే ఫోన్ చేసి చెప్పింది. అన్నం ముందు చేతులు కడిగించే పని పెద్దపిల్లలకు అప్పగించారు. తర్వాత పంచాయతీవాళ్లు కొత్త బోరు వేశారు గానీ, పిల్లప్ప తన పైపు తీయనివ్వలేదు. మళ్లీ ఎండితే అప్పుడు వెతుక్కుంటారా అని కోప్పడ్డాడట.

ఇప్పుడు సొన్నమ్మ పని మారతహళ్ళి వైపుకు మారింది. అనిత హైస్కూల్లో ఉంది. ఇంత పెద్ద ఊళ్లో ఎవరికెవరూ కారని తోటి కూలీలు నిట్టూరిస్తే సొన్నమ్మ ఒప్పుకోదు.

"అట్లనద్దండప్పా," అంటుంది. "నా బిడ్డ కడుపునిండా నీళ్లు తాగి చదువుకుంటాంది. ఆయమ్మ, పిల్లప్పన్న, ఆ మిస్సు, ఆ మేస్త్రి, అందరూ సల్లగుండాల."